‘జబ్బర్వాకీ’ – అపార్థవిచారము

‘అర్థము లేని పద్యము’ అను మాటలోనే యొక విరోధము తోచును. పద్యమనగానే ప్రతిపదార్థము చెప్పి, పిదప తాత్పర్యము చెప్పుట మన విద్యాలయములలో తరతరములుగ సాగుచున్న పద్ధతి. పదములకు అర్థమే లేనిచో ప్రతిపదార్థ మెక్కడిది? ప్రతిపదార్థము లేనిచో తాత్పర్య మెట్లు కలుగును? కలుగదని తేల్చివేయుట సులభము. కాని ఆంగ్లమున నూటయేబది యేండ్లకు పైగా పిన్నలును పెద్దలును కంఠస్థము చేయుచు వచ్చిన యొక పద్యము ఈ తీర్పునకు లొంగకున్నది. అది లూయీ కేరొల్ రచించిన ‘జబ్బర్వాకీ’. ఈ పద్యము పుట్టుక, దానికి కవియే వ్రాసిన రెండు వ్యాఖ్యలు, వానిమధ్య గల వైరుధ్యము – వీనిని పరిశీలించినచో, పద్యార్థ మనునది ఎచట నుండి పుట్టుచున్నదో కొంత తెలియవచ్చునని మా తలంపు.

లూయీ కేరొల్ అనునది కలము పేరు. అసలు పేరు చార్లెస్ లట్విడ్జ్ డాడ్జ్‌సన్ (1832–1898). ఆక్స్‌ఫర్డులోని క్రైస్ట్ చర్చి కళాశాలయందు గణితోపన్యాసకుడు. ఆయన 1855లో, ఇరువదిమూడేండ్ల ప్రాయమున, తన యింటివారి వినోదమునకై స్వహస్తముతో వ్రాసి కూర్చుచుండిన ‘మిష్‌మాష్’ అను పత్రికలో నాలుగు పాదముల పద్యము నొకదానిని చేర్చెను. అది ఆంగ్లో-సాక్సన్ కవిత్వమునందలి పద్యమని శీర్షిక పెట్టి, అక్షరములను గూడ ప్రాచీన లిపిని అనుకరించి వ్రాసెను. క్రింద ఒక్కొక్క పదమునకు వ్యుత్పత్తిని, అర్థమును ఇచ్చెను. పిదప తాత్పర్యమును వాడుక యాంగ్లమున వ్రాసి, ఇది దురవగాహమైనను హృదయమును కలచు ప్రాచీన కవితాశకలమని గంభీరముగ ముగించెను. పద్యమంతయు ఆయన కల్పనయే. ప్రాచీనత అందు లేశమును లేదు.

ఈ పరిహాసము ఎవరిని ఉద్దేశించినదో ఆ కాలపు చరిత్ర నెఱిగిన వారికి తెలియకపోదు. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున ఇంగ్లండులో ప్రాచీనాంగ్ల భాషాధ్యయనము కొత్త ఉత్సాహముతో సాగినది. కెంబుల్ పరిష్కరించిన ‘బేవుల్ఫ్’ 1833లోను, బోస్వర్తు కూర్చిన ఆంగ్లో-సాక్సన్ నిఘంటువు 1838లోను వెలువడినవి. నిఘంటువుల కెక్కని పదములను సేకరించుటకు లండనులోని భాషాశాస్త్ర సమాజము 1857లో ఒక సంఘమును నియమించినది. ఆ ప్రయత్నమే పెరిగి పెరిగి ఆక్స్‌ఫర్డు ఆంగ్ల నిఘంటువైనది. శిథిలపత్రమున దొరికిన రెండు పాదములకు ఇరువది పుటల వ్యాఖ్య వ్రాయు విద్వాంసుల నడుమ యువకుడైన గణితజ్ఞుడొకడు కూర్చుండి, అట్టి పద్యమును దాని వ్యాఖ్యతో సహా తానే సృష్టింపగలనని నిరూపించినాడు. మొదట పుట్టినది భాషాశాస్త్రజ్ఞులపై హాస్యమే గాని బాలగీతము గాదు.

ఆ నాలుగు పాదములు పదునాఱేండ్ల పిమ్మట మరల కనబడినవి. 1871 డిసెంబరులో వెలువడిన ‘త్రూ ది లుకింగ్ గ్లాస్’ అను గ్రంథము మొదటి ప్రకరణమున ఆలీసను బాలికకు అద్దమునకు ఆవలి యింట ఒక పుస్తకము దొరకును. అక్షరములు తలక్రిందు గాక, కుడి యెడమలు తారుమారై యుండును. అద్దమున చూపి చదివినచో అది ‘జబ్బర్వాకీ’ అను పద్యమని తెలియును. ఇపుడది ఏడు చరణముల గీతము. మొత్తము ఇరువదియెనిమిది పాదములు. 1855 నాటి చరణమే మొదటను చివరను మార్పు లేకుండ నిలిచినది. నడుమ ఐదు చరణములలో కథ: తండ్రి కుమారుని హెచ్చరించును, కుమారుడు ఖడ్గము పూని వెదకుచు బోయి, చెట్టుక్రింద ఆలోచించుచు నిలుచును, కన్నుల నిప్పులు గ్రక్కు జంతువు వచ్చును, అతడు దానిని చంపి తల తెచ్చును, తండ్రి ఆనందమున కౌగిలించుకొనును. ఇందు గ్రహింపరాని దేమియు లేదు. చదివి ముగించిన ఆలీసు, తన తలలో ఏవేవో భావములు నిండినవి గాని అవి యెవ్వియో తెలియవనియు, ఎవరో దేనినో చంపిరని మాత్రము స్పష్టమనియు తలపోయును. ఈ పద్యముపై వచ్చిన విమర్శలలో మొదటిదియు, బహుశః మిక్కిలి న్యాయమైనదియు ఇదియే.

ఆరవ ప్రకరణమున హంప్టీ డంప్టీ అను గ్రుడ్డుమనిషి ఆలీసునకు మొదటి చరణమును వివరించును. ఇది రెండవ వ్యాఖ్య. ఈ రెండు వ్యాఖ్యలను ప్రక్కప్రక్కన పెట్టి చూచుట యవసరము. 1855లో ‘రాత్’ అనగా నేలపై తిరుగు తాబేలు, నోరు సొరచేపనోరువంటిది, ముంగాళ్లు వంకరయగుటచే మోకాళ్లపై నడచును. 1871లో అది ఒక విధమైన పచ్చని పంది. ‘బోరోగోవ్’ మొదట అంతరించిన చిలుకజాతి, ఱెక్కలు లేవు, సూర్యఘడియారముల క్రింద గూడు కట్టును, దూడమాంసము దాని యాహారము. తరువాత అది ఈకలన్నియు నిక్కిన బక్కపక్షి, ప్రాణమున్న చీపురువంటిది. సూర్యఘడియారముల క్రింద గూడు కట్టు పని ‘టోవ్’లకు బదిలీయైనది. టోవు పూర్వము కొమ్ములు గల తెల్లని వెంట్రుకల జంతువు. తరువాత కొంత బల్లి, కొంత మరసీల. జున్ను తినుట మాత్రము రెండు మారులును ఒక్కటియే! ‘గైర్’ అనగా మొదట కుక్కవలె గోకుట. పిమ్మట గిరగిర తిరుగుట. ‘వేబ్’ మొదట వానకు నానిన కొండవాలు. పిమ్మట సూర్యఘడియారము చుట్టునున్న గడ్డినేల. ‘మోమ్’ అనగా మొదట గంభీరమైన. పిమ్మట, వ్యాఖ్యాతకే నిశ్చయము లేదు, ఇల్లు వదలి వచ్చిన అని కాబోలు. పదునొకండు వింత పదములలో ఇంచుమించు మారక నిలిచినవి మూడు నాలుగు.

పద్యము మారలేదు, ప్రతిపదార్థము మారినది. అయినను 1855 పాఠకునికి కలిగిన యనుభూతియు, 1871 పాఠకునికి కలిగినదియు వేరని ఎవరును అనజాలరు. సాయంసమయము, ఏవో చిన్న ప్రాణులు, వాని అవిరామచలనము, ఒకవైపు దైన్యము, ఒక వింత కూత – ఇది రెండు మారులును ఉన్నది. కనుక ఈ యనుభూతికి మూలము ఆ కోశార్థములు కావు. మరి యేది?

ఈ చోట మన ప్రాచీనులు చేసిన యొక విభాగము మిక్కిలి యుపకరించును. న్యాయసూత్రములందు నిగ్రహస్థానములను చెప్పుచు గౌతముడు నిరర్థకమును, అపార్థకమును వేరుగ పేర్కొనెను. వర్ణములను ఊరక వరుసగ పలుకుట నిరర్థకము. పదములకు విడివిడిగ అర్థమున్నను పూర్వాపరసంబంధము లేకుండుట అపార్థకము. దీనికి పతంజలి మహాభాష్యమునాటి నుండి వచ్చుచున్న యుదాహరణము ప్రసిద్ధము: పది దానిమ్మలు, ఆరు అప్పములు, ఒక కుండ, మేకతోలు, మాంసపు ముద్ద. ఒక్కొక్క పదము సార్థకమే, వాక్యము మాత్రము లేదు. భామహుడును దండియు దీనినే కావ్యదోషములలో అపార్థమను పేర మొదట లెక్కించిరి.

‘జబ్బర్వాకీ’ మొదటి చరణము ఈ రెండింటిలో దేనియందును ఇముడదు. అది నిరర్థకము గాదు, ఏలయన అందు వాక్యమున్నది. అపార్థకము గాదు, ఏలయన అందు లోపించినది పూర్వాపరసంబంధము గాదు. దానిమ్మల వాక్యమున పదార్థమున్నది, వాక్యార్థము లేదు. ఇచట వాక్యార్థపు చట్ర మున్నది, పదార్థము లేదు. ఒకటి రెండవదానికి సరిగ తలక్రిందు. శాస్త్రపరిభాషలో చెప్పవలసినచో, ఆకాంక్షయు సన్నిధియు ఇచట సంపూర్ణముగ నున్నవి. యోగ్యత మాత్రము ఉన్నదో లేదో చెప్పుటకు వీలు లేదు. నిప్పుతో తడుపుచున్నాడన్నచో యోగ్యత లేదని వెంటనే యందుము. టోవులు గింబుల్ చేయుచుండె నన్నచో కాదనుటకు మన కాధారమేది?

ఈ మాటను తెలుగున పరీక్షించి చూడవచ్చును. “చిరిమల గొంబులు తిబుకలో జిమురుచుండెను” అని మే మొక వాక్యమును కల్పించితి మనుకొందము. ఇందు ఏ నిఘంటువునకు నెక్కిన పదమును లేదు. అయినను తెలుగు బాలుడెవ్వడైనను, జిమురుచున్న వెవ్వి యని అడిగిన గొంబులనియు, ఎచట నన్న తిబుకలో ననియు, ఎట్టి గొంబులన్న చిరిమలవనియు తడబాటు లేక చెప్పును. అవి పెక్కు, ఆ పని గతించిన కాలమున కొంతసేపు సాగినది. అంతే గాదు, అవి మనుష్యులు గారు; మనుష్యులైనచో ‘జిమురుచుండిరి’ అని యుండవలెను. ప్రాతిపదికము శూన్యమైనను ప్రత్యయము నోరు విప్పి ఇంత కథ చెప్పుచున్నది. కేరొల్ చేసినది సరిగ నిదియే. మొదటి చరణమున నామములు, విశేషణములు, ప్రధానక్రియలు వింతవి. సముచ్చయములు, సహాయక్రియలు, విభక్తిస్థానమున నిలుచు చిన్న మాటలు మాత్రము నిత్యవ్యవహారమునందలివి. ఎముకల గూడు ఆంగ్లము; మాంసము అద్దమునకు ఆవలిది.

ఇక ఆ వింత పదముల నిర్మాణము. హంప్టీ డంప్టీ దీనికి ‘పోర్ట్‌మాంటో’ అని పేరిడెను. అది రెండఱలుగ తెఱచుకొను ప్రయాణపు తోలుపెట్టె. ఒక పదమున రెండర్థములు సర్దబడినవని భావము. జిగటదనమును చుఱుకుదనమును తెలుపు రెండు మాటలు కరగి ‘స్లైదీ’ యైనవి. దీనిని మన సమాసముతో పోల్చరాదు. సమాసమున పూర్వోత్తరపదములు తమ తమ తావులందు నిలుచును, విగ్రహవాక్యమున విడివడును. ఇచట రెండును ఒకే క్షణమున నోటికి వచ్చి, దేనికి ముందు చోటీయవలెనో తెలియక ఒక్కటైనవి. 1876 నాటి ‘ది హంటింగ్ ఆఫ్ ది స్నార్క్’ పీఠికలో కేరొల్ ‘ఫ్రూమియస్’ అను మాటను ఇట్లే వివరించెను: పొగలుచిమ్ము కోపమును, ఉగ్రతయు ఏకకాలమున పలుకదలచిన సమచిత్తుని నోట ఆ మాట వెలువడునట. మాకు తోచు సరియైన పోలిక శ్లేష, కాని విలోమముగ. పింగళి సూరన ‘రాఘవపాండవీయము’న ఒక్క శబ్దము రెండుగ చీలి రెండు కథలను నడపును. కేరొల్ పద్యమున రెండు శబ్దములు ఒక్కటిగ మూసికొని, చదువరిని తెఱువుమని కవ్వించును.

అయితే అన్ని పదములును ఈ తాళముచెవికి తెఱచుకొనవు. 1877లో ఒక బాలికకు వ్రాసిన లేఖయందు కవి, ఖడ్గమునకు తాను వాడిన ‘వోర్పల్’ అను విశేషణమును, అడవికి వాడిన ‘టల్జీ’ అను విశేషణమును వివరింపజాలనని యొప్పుకొనెను. ‘బర్బుల్’ అనునది మూడు ధ్వనిక్రియల కలయిక కావచ్చును గాని అట్లు చేసినట్లు తనకు జ్ఞాపకము లేదనెను. ఈ నిజాయితీని మేము మెచ్చుచున్నాము. పెక్కుమంది వ్యాఖ్యాతలకు లేనిది. నిజమునకు బర్బుల్, విఫుల్, బీమిష్ అను మాటలు ఆంగ్లమున పూర్వము నుండియు ఉన్నట్లు నిఘంటుకారులు చూపిరి. కవి కల్పించినా ననుకొన్నది భాష మఱచిన దగుట కలదు. మఱియొక వైపు, ఆయన నిజముగ కల్పించిన ‘చార్టుల్’ అను నవ్వు, ‘గలంఫ్’ అను నడక నేడు ఆక్స్‌ఫర్డు నిఘంటువున స్థిరపడినవి. 1855లో నిఘంటుకారులను వెక్కిరించిన వాని పదములను నిఘంటువే చేరదీసినది.

ఈ సందర్భమున మన యనుభవమును గూడ చెప్పవలెను. మానవల్లి రామకృష్ణకవి 1909లో ప్రకటించిన నన్నెచోడుని ‘కుమారసంభవము’ను పాఠము చెప్పువారెల్ల ఎఱుగుదురు: అందలి అపూర్వదేశ్యపదములు కొన్నింటికి నిఘంటువు సహాయము లేదు, ఉన్నచోటను నిఘంటుకారుడు ఆ ప్రయోగమునే చూచి అర్థమును ఊహించియుండును. మనము సందర్భమును బట్టి, ప్రత్యయమును బట్టి, శబ్దపు పోకడను బట్టి ఒక యర్థము చెప్పి ముందునకు సాగుదుము. విద్యార్థి వ్రాసికొనును. ఆ యర్థము మరుసటి తరమున మారవచ్చును. పద్యపు బిగువు మారదు. హంప్టీ డంప్టీ చేసిన పనికిని మన పనికిని భేదము శ్రద్ధయందే గాని పద్ధతియందు గాదు. దీనిని చెప్పుట ప్రతిపదార్థమును చులకన చేయుటకు గాదు. ప్రతిపదార్థముతో పద్యము ముగిసినదనుకొను నలవాటు మాకు సమ్మతము గాదు.

మిగిలిన సాధనములలో ఛందస్సు ముఖ్యము. ఒక్కొక్క చరణమున మొదటి మూడు పాదములు నాలుగేసి ఊనికలు గలవి; నాలుగవది మూడింటితో ఆగును. కథాగేయముల నడకకు దగ్గరగనుండి, చివర నొక మెట్టు తక్కువై, చెవికి చిన్న విఘాతము కలిగించును. ఏడింటిలో నాలుగు చరణములందు పాదాంతప్రాస ఒకటి విడిచి ఒకటి కలియును. తక్కిన మూడింట మూడవ పాదము ఆ నియమమును వదలి తనలో తానే ప్రాస కూర్చుకొనును. ఆ మూడును ఏవియన, వీరుడు వెదకి చెట్టు క్రింద నిలుచునది, ఖడ్గము వ్రేయునది, తండ్రి సంతోషించునది. అనగా కథ ముందడుగు వేయు తావులందే పాదము లోపల గంట మ్రోగుచున్నది. ఇది యాదృచ్ఛిక మనుటకు మాకు మనసొప్పదు. ఖడ్గపు వ్రేటునకు కేరొల్ వాడిన ‘స్నికర్‌స్నాక్’ శుద్ధానుకరణము. గలగల, ధగధగ, ఫెళఫెళ అను మాటలతో పెరిగిన తెలుగువానికి దానిని వివరింపబని లేదు. పులిగిలి యనునపుడు ‘గిలి’ యేమని అడిగిన వాడును మనలో లేడు.

కాని అన్నిటికంటె గొప్ప యుపాయము మొదటి చరణమునే చివర తిరిగి చెప్పుట. మొదట విన్నపుడు అది తెలియని దేశము. కథ నడచి, మృగము కూలి, తల ఇంటికి వచ్చిన పిదప అవే పదములు వినబడినపుడు అవి పరిచితములైనవి. ఒక్క పదము కొత్తగ తెలిసినది లేదు. అయినను మనము ఇంటికి వచ్చినట్లున్నది. ఆ సాయంకాలము, ఆ ప్రాణులు, ఆ కూత – వీరుడు గెలిచినను ఓడినను వానికి పట్టినట్లు లేదు. ఈ ఉదాసీనతయందు హాస్యము వెనుక ఒక సన్నని విషాదము మాకు వినబడుచున్నది. ఇందు ఆక్స్‌ఫర్డు మతవివాదముల సంకేతము లున్నవని వెదకినవారును కలరు. తాళము లేని తలుపునకు తాళముచెవులు చేయుట వంటిది ఆ ప్రయాస.

ఇది కావ్యమగునా యను ప్రశ్న మిగిలినది. దండి అపార్థమును దోషమని చెప్పుచునే, ఉన్మత్తుల, మత్తుల, బాలుర మాటలయందు అది దోషము గాదని మినహాయించెను. బాలల పుస్తకమున వచ్చినది గావున ఈ మినహాయింపు చాలునని కొందఱనవచ్చును. చాలదు. ఇచట మాటలాడుచున్నది బాలుడు గాడు, మత్తుడు గాడు. ప్రాచీనవీరగాథను గంభీరస్వరమున వినిపించు కథకుడు. దోషమునకు క్షమ వేడవలసిన పనియే లేదు, ఏలయన ఇది దండి చెప్పిన దోషమే గాదని పైన చూచితిమి. వంగదేశమున సుకుమార్ రాయ్ బాతును ముళ్లపందితో అతికి ఒక్క పేరుగ చేసిన ‘ఆబోల్ తాబోల్’ 1923లో, ఆయన మరణించిన కొలది దినములకు వెలువడినది. ఆయన ఇట్టి రచనకు ఖేయాల్ రసమని వేరొక రసమునే పేర్కొనెను. నవరసములకు మించి రసము నంగీకరింపని వారు దానిని హాస్యాద్భుతముల సంకరమనవచ్చును. మాకు అభ్యంతరము లేదు.

అనువాదచరిత్రయందు ఒక విశేషము తప్పక పేర్కొనదగినది. 1872 ఫిబ్రవరి ‘మాక్మిలన్స్ మేగజీను’లో ఈ పద్యమునకు జర్మను రూపము వెలువడినది, జర్మనే మూలమనియు ఆంగ్లము అనువాదమనియు పరిహాసముగ చెప్పబడినది. వ్రాసినవాడు రాబర్టు స్కాట్. 1843లో వెలువడిన సుప్రసిద్ధ గ్రీకు నిఘంటువును హెన్రీ లిడెల్‌తో కలసి కూర్చిన యాయనయే. ఆ లిడెల్ కుమార్తెయే ఆలీసు. జీవితమంతయు పదములకు అర్థములు వ్రాసిన పండితుడు అర్థము లేని పదములకు మరియొక భాషలో సాటిపదములు వెదకినాడు, దొరకించుకొన్నాడు. అనువదింపదగిన దేమియు లేనిచో ఆ పని సాధ్యము గాదు.

తెలుగున దీనికి ఎవరైన పూనుకొన్నచో ఛందస్సు వెదకబని లేదు. గురజాడ అప్పారావు 1910లో ప్రవేశపెట్టిన ముత్యాలసరము నాలుగు పాదములది. మూడు పాదములు పదునాలుగేసి మాత్రలతో నడచి నాలుగవది కుఱుచగ ఆగును. యతిప్రాసల నిర్బంధము లేదు. కష్టము పదములయందు. మొదటి చరణమున తత్సమములవలె వినబడు మాటలు కల్పించినచో పురాణగాంభీర్యము వచ్చును గాని ఆ చిన్నప్రాణుల గిలిగింత పోవును. అచ్చదేశ్యపు నుడికారమున కల్పించినచో గిలిగింత నిలుచును గాని ప్రాచీనశకలమను భ్రాంతి పలుచబడును. నన్నెచోడుని దేశ్యమువంటిదైనచో రెండును దక్కవచ్చునని మా యూహ. ఆ మృగము ‘వచ్చినది’ అననా, ‘వచ్చినాడు’ అననా అను చిక్కు లేదు. ఆంగ్లమున దానికి వాడిన సర్వనామము నపుంసకమే గనుక తెలుగున అది అమహత్తు. కాని తండ్రి కుమారుని హెచ్చరించునపుడు పేర్కొను తక్కిన రెండు వింత ప్రాణులకు ఆంగ్లమున లింగము తెలియదు. వానిని గూర్చిన క్రియను తెలుగున వాడవలసివచ్చిన నాడు మహత్తో అమహత్తో అనువాదకుడే నిర్ణయింపవలెను. కేరొల్ వదలివేసిన ప్రశ్నకు మన వ్యాకరణము సమాధాన మడుగును.